నడివయస్సులో మూత్రబాధలు: కారణమును కనుగొను విధము

కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఒక ఆసుపత్రి బల్లమీద ముగ్గురు మగవారు వరుసగా కూర్చున్నారని ఊహింపవచ్చును. ఒకరు పోచారం ఆయకట్టు క్రింద వరి పండించు రైతు. రెండవవారు నాగపూరు రహదారిమీద లారీ నడుపువారు. మూడవవారు గల్ఫులో చాల ఏండ్లు పనిచేసి ఇల్లు చేరినవారు. ముగ్గురికిని వయస్సు 50 ప్రాంతము. ముగ్గురు చెప్పుకొను బాధయు ఒకటే: “రాత్రి నాలుగుసార్లు ఒంటేలుకు లేవాల్సొస్తున్నది, డాక్టర్ సాబ్.”

ఈ మాట వినగానే ఇరుగుపొరుగువారు మూడు జవాబులు చెప్పుదురు. ఒకరు “షుగరు” అందురు. మరియొకరు “వయసు మీద పడ్డది, గ్రంథి పెరిగింది” అందురు. ఇంకొకరు “ఒళ్ళు వేడి చేసింది, సబ్జా నీళ్ళు తాగు” అందురు. వీనిలో ఒకటి నిజము కావచ్చును, మూడును తప్పు కావచ్చును. లక్షణము రోగము ఉన్నదని మాత్రమే తెలుపును. దాని పేరు చెప్పదు.

దీనిని గ్రహించుటకు చెరువును తలచుకొన్న చాలును. చెరువునుండి నీరు వేళ తప్పి పోవుచున్నదనిన కారణములు పలువిధములు. వాగునుండి వచ్చు నీరే ఎక్కువ కావచ్చును. పూడిక చేరి చెరువులో పట్టు నీరు తగ్గవచ్చును. తూము సరిగా తెరచుకొనక, చెరువు నిండి మత్తడి దూకుచుండవచ్చును. మన శరీరములో వాగు మూత్రపిండములు, చెరువు మూత్రాశయము, తూము దాని క్రింది ద్వారము. ఆరోగ్యవంతుని మూత్రాశయములో 400 నుండి 500 మి.లీ. వరకు మూత్రము పట్టును. పురుషులలో ఆ ద్వారమునకు దిగువన, మూత్రమార్గమును చుట్టుకొని, పౌరుషగ్రంథి ఉండును. దీనినే ప్రోస్టేటు అందురు. యౌవనములో దాని బరువు సుమారు 20 గ్రాములు. 40 ఏండ్ల తరువాత అది చాలమందిలో మెల్లగా పెరుగును. ఆ పెరుగుదల సాధారణముగా క్యాన్సరు కాదు.

మన పూర్వ వైద్యులును ఈ భేదమును గుర్తించిరి. మూత్రము అధికముగా వచ్చుటను ప్రమేహమనియు, బాధతో వచ్చుటను మూత్రకృచ్ఛ్రమనియు, అడ్డుపడుటను మూత్రాఘాతమనియు వేరు పేర్లతో పిలిచిరి. చరకసంహిత ప్రమేహములనే 20 విధములుగా చెప్పినది.

నేటి వైద్యుడు చేయించు మొదటి పరీక్షకు యంత్రము అక్కరలేదు. గీతలున్న ఒక ప్లాస్టిక్ పాత్ర, ఒక నోటుపుస్తకము చాలును. మూడు దినములు మూత్రమునకు పోయిన ప్రతిసారి వేళయు, కొలతయు వ్రాసికొనవలెను. త్రాగిన నీరు, చాయ, కల్లు కూడ వ్రాయవలెను. నిద్రించిన తరువాత వచ్చిన మూత్రమును, ఉదయము లేవగానే వచ్చిన మూత్రమును కలిపి రాత్రి లెక్కగా ఎంచవలెను.

ఆ ముగ్గురి పుస్తకములు ఇట్లున్నవనుకొన్నచో వారి దారులు వేరగుట స్పష్టమగును. రైతు దినమునకు 12 సార్లు, సారికి 300 మి.లీ. చొప్పున 3,600 మి.లీ. విసర్జించినాడు. లారీ నడుపువాడును 12 సార్లే పోయినాడు. కాని సారికి 100 మి.లీ. మాత్రమే, మొత్తము 1,200. గల్ఫునుండి వచ్చినవాని మొత్తము 1,600 మి.లీ.; అందులో సగము, అనగా 800, రాత్రివేళనే వచ్చినది.

రైతు విషయములో వాగే పొంగినది. దినమునకు 3 లీటర్లు మించిన మూత్రము అధికమని లెక్క. అతడు అతిగా నీరు త్రాగుచుండవచ్చును, రక్తపోటునకు మూత్రము జారీచేయు మాత్ర వాడుచుండవచ్చును, మధుమేహము ఉండవచ్చును. రక్తములో చక్కెర 100 మి.లీ.కు సుమారు 180 మి.గ్రా. దాటినప్పుడు అది మూత్రములోనికి దిగి తనతో నీటిని లాగుకొనిపోవును. కనుక అతనికి మొదట కావలసినది రక్తములో చక్కెర పరీక్ష. పరగడుపున అది 126 మి.గ్రా. లేక అంతకు మించి రెండుసార్లు కనబడినచో మధుమేహము నిర్ధారణమగును.

గల్ఫునుండి వచ్చినవాని మూత్రాశయములో దోషము లేకపోవచ్చును. పగలు కాళ్ళలో చేరిన నీరు పండుకొనగానే రక్తములోనికి తిరిగి వచ్చి మూత్రమగును. కాళ్ళవాపు, గుండె బలహీనత, ఉప్పెక్కువ భోజనము, సాయంకాలపు మద్యము దీనికి కారణములు. గురక పెట్టుచు నిద్రలో ఊపిరి ఆగియాగి తీయువారికిని ఇట్లే జరుగును. ఇట్టివానికి ప్రోస్టేటు మాత్రలిచ్చిన ప్రయోజనము స్వల్పము.

లారీ నడుపువాని లెక్కలో మొత్తము సరిగానే ఉన్నది, కొలత చిన్నది. అతనిని వైద్యుడు ఇట్లు ప్రశ్నించును: ధార సన్నగిల్లినదా? ఆగియాగి వచ్చుచున్నదా? ముక్కవలసి వచ్చుచున్నదా? పోయిన తరువాత ఇంకను మిగిలినట్లున్నదా? ఇట్టి ఏడు ప్రశ్నలకు మార్కులు వేయు పద్ధతి 1992 నుండి వాడుకలో ఉన్నది. గరిష్ఠము 35, 8 నుండి 19 వరకు మధ్యరకము, 20 లేక అంతకు మించినచో తీవ్రము. ఈ మార్కులు బాధ ఎంతయో చెప్పును, కారణము చెప్పవు. గ్రంథి పెరిగినను, పాత గాయమువలన మూత్రమార్గము ఇరుకైనను, మూత్రాశయపు కండరము నీరసించినను ధార సన్నగిల్లును. అందుచేత వైద్యుడు మలద్వారముగుండ వ్రేలితో గ్రంథిని తడిమి చూచును. మూత్రవిసర్జనకు ముందును తరువాతను అల్ట్రాసౌండు తీయించి, లోపల ఎంత మిగిలినదో చూచును.

మంట, చలిజ్వరము ఉన్నవానికి మూత్రపరీక్ష ముఖ్యము. చీముకణములున్నచో క్రిములను పెంచి చూచి తగిన మందు నిర్ణయింతురు. ఎండకాలమున ఇచ్చట వేడి 40 డిగ్రీలు దాటును. చెమట పోయి మూత్రము చిక్కబడినప్పుడు రాళ్ళు ఏర్పడుట సులభము. జనులు “వేడి చేసింది” అనుమాటలో ఇంతవరకు నిజము కలదు. అయితే వారముల తరబడి ఉన్న మంటను సబ్జా నీళ్ళతో సరిపెట్టరాదు.

పి.ఎస్.ఎ. అను రక్తపరీక్ష ఫలితము హెచ్చుగా రాగానే క్యాన్సరని భయపడనక్కరలేదు. గ్రంథి పెరిగినను, వాచినను అది హెచ్చును. మరియొక సంగతి: తొలిదశలోని ప్రోస్టేటు క్యాన్సరు సాధారణముగా మూత్రబాధ కలిగింపదు.

అన్నిటికంటె మోసకరమైనది మత్తడి దూకు స్థితి. మూత్రాశయము ఎప్పుడును నిండియుండి, పైపై నీరు మాత్రము బొట్లుబొట్లుగా కారుచుండును. నొప్పి ఉండకపోవచ్చును. రోగి తనకు మూత్రము ఎక్కువగా వచ్చుచున్నదనుకొని నీరు త్రాగుట తగ్గించును. ఈలోగా వెనుకకు తన్నిన ఒత్తిడికి రెండు మూత్రపిండములును చెడును. వయసు బాధయని ఓర్చుకొన్నవారు పోగొట్టుకొనునది ఇదియే. రక్తములో క్రియాటినిన్ పరీక్ష ఈ చెరుపును చూపగలదు.

మూత్రము పూర్తిగా బిగిసినను, చలిజ్వరముతో మంట పుట్టినను, కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పినను ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. మూత్రములో ఒక్కసారి నెత్తురు కనబడి ఆగిపోయినను, నొప్పి లేకపోయినను, పరీక్ష తప్పనిసరి. బీడీలు, చుట్టలు త్రాగువారికి మూత్రాశయపు క్యాన్సరు భయము హెచ్చు. జలుబునకు కొనుక్కొను కొన్ని మాత్రలు గ్రంథి పెరిగినవానికి మూత్రమును బిగియించునని ఎరిగియుండవలెను.

మూత్రము, చక్కెర, రక్తపోటు పరీక్షలకు దూరము పోనక్కరలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున మొదలు పెట్టవచ్చును. 2016 లో జిల్లాకేంద్రమైన కామారెడ్డిలో 2023 లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడ ఏర్పడినది. మూత్రబాధ మొదలైనవారు ఎచ్చటికి పోయినను, మూడు దినముల లెక్క వ్రాసిన పుస్తకమును వెంట తీసికొనిపోయినచో వైద్యుని పని సగము తేలికయగును.