పాతబండికి మారుట్యాంకు

మైసూరులో 1961 నుండి 1996 వరకు జావా, యెజ్డీ మోటారు సైకిళ్లు తయారయ్యాయి. వాటిని నేటికీ ప్రాణప్రదంగా కాపాడుకొనేవారున్నారు. ఏళ్ల తరబడి తేమ చేరడంవల్ల పెట్రోలు ట్యాంకు లోపలినుండి తుప్పుపట్టి చిల్లులుపడుతుంది. సరిజోడు దొరకనప్పుడు మరొక నమూనా ట్యాంకును అమర్చవలసివస్తుంది.

ఇందులో రూపసామ్యం కంటె కొలతల పొందిక ప్రధానం. ట్యాంకు అడుగుననుండే పొడవాటి గాడి చట్రపు పైగొట్టానికి ఒరుసుకొనకుండా కూర్చోవాలి. బోల్టు రంధ్రాలు కలవకపోతే వేరుగా పట్టీలు చేయించి, నడుమ రబ్బరు దిమ్మెలు ఉంచాలి. లేనిచో అదురుకు రేకు పగులుతుంది. హ్యాండిలును ఇరువైపులా పూర్తిగా తిప్పినా ట్యాంకుకు తగలరాదు. ఈ బండ్లలో పెట్రోలు పంపు సాయం లేకుండా పల్లానికి ప్రవహించి కార్బురేటరును చేరుతుంది. కనుక ట్యాంకు కుళాయి ఎత్తున ఉండాలి; గొట్టం మెలిపడరాదు. మూతలోని గాలిరంధ్రం పూడిపోతే ప్రవాహం ఆగి బండి నిలిచిపోతుంది.

ఖాళీ ట్యాంకు నిరపాయకరమని తలచరాదు. అందులో మిగిలి గాలితో కలిసిన పెట్రోలు ఆవిరి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఆ ఆవిరిని పూర్తిగా పోగొట్టనిదే వెల్డింగు చేయించరాదు. అట్లే అసలు చట్రాన్ని కోయరాదు. తీసిన ట్యాంకును పారవేయరాదు. చేర్చిన భాగం ఎప్పుడైనా తొలగించదగినదై ఉండాలి. అప్పుడే వాహనపు పూర్వరూపం భావితరాలకు దక్కుతుంది.