క్యాప్ కరగలేదు, చాయ్ మరక పట్టింది

మౌత్‌వాష్ పుక్కిలిస్తే పంటి క్యాప్ కరిగి, లోహం కడుపులోకి పోతుందట. చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఈ మాట విని డాక్టరు రాసిన సీసాను మూలన పడేసి, నిమ్మరసం పుక్కిలిస్తున్నవాళ్లున్నారు. చిగుళ్లు వాచాక మళ్లీ ఆ డాక్టరు దగ్గరికే పరుగు.

అపోహ: మౌత్‌వాష్ క్యాప్‌ను కరిగిస్తుంది.

వాస్తవం: ఇది నమ్మేవాళ్లు చూపించే సాక్ష్యాలు రెండు: క్యాప్ అంచున గోధుమరంగు గీత, నోట్లో మారిన రుచి. రెండూ డాక్టరు రాసే మౌత్‌వాష్‌లోని క్లోర్‌హెక్సిడిన్ అనే మందు చేసే పనులే. ఈ మందు పంటికీ చిగురుకూ క్యాప్‌కూ అంటుకుని గంటల తరబడి ఉంటుంది; క్రిములను అణచేది అందుకే. అంటుకున్నచోట చాయ్‌లోని రంగు వచ్చి పడుతుంది. చేవెళ్ల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు పొడవునా ఆగి ఆగి చాయ్ తాగేవాళ్లకు గీత తేలదా మరి? నమ్మకం లేకపోతే క్యాప్ లేని పక్క పన్ను చూసుకోండి, అక్కడా అదే మరక. అక్కడ ఏ లోహం కరిగిందో పుకారు పుట్టించినవాళ్లే చెప్పాలి. రుచి సంగతంటారా, మందు ఆపితే అదే సర్దుకుంటుంది.

లోహం అసలు బయటికి రాదా? వస్తుంది. నికెల్-క్రోమియం క్యాప్ నుంచి అయాన్లు ఉమ్మిలోకి వస్తూనే ఉంటాయి, మౌత్‌వాష్ ముట్టకపోయినా. అదంతా మైక్రోగ్రాముల లెక్క. తినే తిండిలోనే రోజుకు 100 నుంచి 300 మైక్రోగ్రాముల నికెల్ ఉంటుంది. క్యాప్ మీద సన్నని క్రోమియం ఆక్సైడ్ పొర కాపలా కాస్తుంది, దాన్ని దెబ్బతీసేది పులుపు. నిమ్మరసం పీహెచ్ 2 పైచిలుకు. పంటి ఎనామిల్ 5.5 దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. క్యాప్‌ను కాపాడబోయి ఉన్న పన్నును అరగదీసుకోవడమంటే ఇదే.

అపోహ: ఘాటుగా మండితేనే పనిచేసినట్టు.

వాస్తవం: ఆ మంట ఎక్కువగా ఆల్కహాల్‌ది.

అపోహ: మౌత్‌వాష్ ఉంటే బ్రష్ అక్కర్లేదు.

వాస్తవం: పాచిని గీకేది బ్రషే.

అపోహ: ఫ్లోరైడ్ టైటానియాన్ని తినేస్తుంది.

వాస్తవం: ఇందులో సగం నిజముందని ఒప్పుకోక తప్పదు. పులుపు, ఫ్లోరైడ్ కలిస్తే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టి టైటానియం మీది పొరను తొలుస్తుంది. అయితే ఆ భయం డాక్టరు పూసే 12,300 పీపీఎం పుల్లని జెల్‌తో. ఇంట్లో రోజూ వాడే 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ మౌత్‌వాష్‌లో ఉండేది 225 పీపీఎం చిల్లర. టైటానియం ఇంప్లాంటో, క్లిప్పుల తీగలో ఉన్నవాళ్లు పులుపు లేని రకం అడిగి తీసుకోండి, చాలు.

క్లోర్‌హెక్సిడిన్‌ను డాక్టరు చెప్పినన్ని రోజులే వాడండి. మామూలుగా రెండు వారాలు. పేస్టుకూ దానికీ అరగంట ఎడం ఇవ్వండి, పేస్టులోని నురుగు మందు దాన్ని పనిచేయనివ్వదు. పుక్కిలించిన వెంటనే చాయ్ వద్దు. గిల్టు కమ్మలకు చెవులు దురద పెట్టేవాళ్లు క్యాప్ వేయించుకోకముందే ఆ మాట చెప్పండి. నికెల్ పడనివాళ్లకు వేరే రకాలున్నాయి. ఏ లోహమో చీటీ మీద రాయించుకోండి. ఇంకా అనుమానం తీరకపోతే అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ ఆస్పత్రికి వెళ్లి అడగండి, వాట్సాప్‌ను కాదు.