641 దగ్గర ఆగిపోయిన నమ్మకం

429,49,67,297. రెండు 32వ ఘాతానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య ఇది. చివర 7 ఉంది కాబట్టి 2తోనూ 5తోనూ పోదు. అంకెల మొత్తం 59, కనుక 3తోనూ పోదు. ఫ్రాన్సులో న్యాయాధికారిగా ఉంటూ తీరిక వేళల్లో లెక్కలు చేసిన ఫెర్మా, 1640లో ఇది ప్రధాన సంఖ్యేనని నమ్మాడు. నమ్మకానికి ఆధారం లేకపోలేదు. ఘాతాంకం 1, 2, 4, 8, 16 అయినప్పుడు ఇదే పద్ధతిలో 3, 5, 17, 257, 65,537 వస్తాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే. వరసగా ఐదు కుదిరాక ఆరోది కుదరదని ఎందుకు అనుకోవాలి అని అడగవచ్చు. కానీ ఈ వరసలో ఒక్కో సంఖ్య ముందుదాని వర్గానికి దగ్గరగా ఉంటుంది. ఆరోదాన్ని నేరుగా తేల్చాలంటే 65,536 లోపు ఉన్న 6,542 ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. అంటే ఆ ఐదూ సాక్ష్యాలుగా నిలిచింది వరస గుణం వల్ల కాదు, చేతి లెక్కకు అందినవి అవే కావడం వల్ల.

1732లో గణితవేత్త ఆయిలర్ ఆ ఆరోదాన్ని 641తో భాగించి చూపించాడు. రెండో కారణాంకం 67,00,417. ఇది గుడ్డిగా తగిలిన దెబ్బ అనుకోనక్కర్లేదు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే అది 64 గుణిజానికి ఒకటి కలిపినదే కావాలని ఆయనే తర్వాత నిరూపించాడు. ఆ షరతుకు లోబడే ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641... అయిదోదే పనిచేసింది! భాగహారం అక్కర్లేకుండానే దీన్ని సరిచూసుకోవచ్చు. 641 అంటే 5×2⁷+1. 5⁴+2⁴ కూడా అదే. మొదటి రూపం ప్రకారం 5×2⁷ను 641తో భాగిస్తే శేషం −1. నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴×2²⁸ శేషం 1. రెండో రూపం ప్రకారం 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టవచ్చు. అప్పుడు −2³² శేషం 1 అవుతుంది, కాబట్టి 2³²+1లో శేషమేమీ మిగలదు.

అసలు చిత్రం మరొకటి. p ప్రధానమైతే, p భాగించలేని ఏ సంఖ్యనైనా p−1వ ఘాతానికి ఎత్తి p తో భాగిస్తే శేషం 1 వస్తుందన్న సూత్రం ఫెర్మాదే, అదీ 1640లోనిదే. దాన్ని 2తో ప్రయోగిస్తే మన సంఖ్య దర్జాగా గట్టెక్కుతుంది; ఇలా తప్పుగా నెగ్గేవాటిని మిథ్యా ప్రధాన సంఖ్యలంటారు. అదే 3తో మొదలుపెట్టి, 32 సార్లు వర్గం చేస్తూ ప్రతిసారీ శేషం తీసుకుంటూ పోతే చివర 1 రాదు. శ్రమే గానీ, ఫెర్మా చేతికి అందని లెక్క కాదు.

కంప్యూటర్లు వచ్చాక ఇదంతా పాత గొడవ కదా అంటే, అంత తేలిగ్గా వదలదు. 2ను 10,48,576వ ఘాతానికి ఎత్తి ఒకటి కలిపితే వచ్చేది కూడా ఈ కుటుంబానిదే. దానికి 3,15,653 అంకెలు. 3తో చేసే వర్గాల లెక్క ద్వారానే అది ప్రధానం కాదని 1980లలో తేల్చారు. కారణాంకం మాత్రం ఒక్కటీ దొరకలేదు.