సింహాసన శకటము – మెరుగుపెట్టు విద్య

హైదరాబాదునందలి చౌమహల్లా ప్రాసాదమును దర్శించినవారు అచ్చటి పసుపువన్నె రోల్స్‌రాయిస్ కారును చూడక మరలరు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కోరికపై, వెనుకభాగమున సింహాసనమువంటి ఉన్నతాసనముతో, లండనులోని బార్కర్ సంస్థ తొడిగిన దేహముతో నిర్మితమైన ఈ 1912 నాటి సిల్వర్ ఘోస్టును, 1911లోనే పరమపదించిన ఆ ప్రభువు చూడనేలేదు. ఏడవ నిజాము ఉత్సవసమయములందు దానిని వాడెను.

ఇట్టి పురాతన శకటములకు మెరుగుపెట్టు నిపుణుడు మొట్టమొదట రంగుపొర మందమును కొలుచును; ఏలయన పాలిషు పట్టిన ప్రతిపర్యాయమును ఆ పొర కొంత అరుగును, అరిగిన పాతరంగు మరల రాదు. ధూళిని నీటితో జార్చి, మృదువైన షాంపూతో పైనుండి క్రిందికి కడిగి, కంటబడని మూలలో పాలిషు మందును పరీక్షించి, ఆ పిమ్మటనే మైనము పూయును. మడతటాపు గల బండ్లయందు గుడ్డను మెత్తని బ్రష్షుతో దులుపవలెను. తడియారకమునుపే మడచినచో బూజు పట్టును. వెండి అమరికలను మాటిమాటికి తోముట నా మతమున అపచారమే.

ధూళిని మొదట నీటితో జార్చు ఈ నియమము పురాతన శకటములకే కాదు, దుమ్ము మెండైన ఊళ్లలోని బండ్లన్నిటికిని వర్తించును. ఉదాహరణకు, హుజూర్‌నగర్ పరిసరములు సున్నపురాతి గనులకును సిమెంటు కర్మాగారములకును నెలవు. వాని దుమ్ము పడిన బండిని, పాతదైనను కొత్తదైనను, పొడిగుడ్డతో తుడువకుడు, గీతలు పడును. ముందుగా నీరు ధారగా పోయుడు.