ఒంగోలు కొండ మీద ఐదుగురు

మోషే తనకు నోరు తిరగదన్నాడు. యిర్మీయా తాను చిన్నపిల్లాణ్నన్నాడు. గిద్యోను ఒకటికి రెండుసార్లు ఆనవాలు అడిగి గానీ కదల్లేదు. యోనా అయితే ఏకంగా ఓడెక్కి ఎదురు దిక్కుకు పారిపోయాడు. దేవుడు పిలిచిన వెంటనే 'చిత్తం' అని బయల్దేరినవాళ్లు బైబిల్లో వెతికినా తక్కువే. పిలుపు వినబడటం ఒక ఎత్తు. 'నేనా? నావల్ల అవుతుందా? లోకం ఏమంటుంది?' అన్న గుబులును దాటుకుని అడుగు వెయ్యడం మరో ఎత్తు.

ఈ గుబులు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి పాలస్తీనా దాకా వెళ్లక్కర్లేదు. నెల్లూరు, ఒంగోలు చాలు.

అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషన్ పెట్టారు. శామ్యూల్ డే అనే మిషనరీ దాన్ని మొదలుపెట్టాడు. ఏళ్లు గడిచాయి. డబ్బు ఖర్చయింది, మనుషుల ఆరోగ్యం పోయింది. చేరినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమెరికాలోని మిషన్ పెద్దలకు విసుగొచ్చింది. 1848లో ఒకసారి, 1853లో మరోసారి, 1862లో ఇంకోసారి నెల్లూరును మూసేద్దామన్న మాట వచ్చింది. వాళ్లను తప్పుపట్టాల్సిన పని లేదు. చందాదారులకు లెక్క చెప్పాల్సింది వాళ్లే కదా!

1853లో ఆల్బనీ పట్టణంలో జరిగిన సభ సంగతి మాత్రం చెప్పుకోవాలి. గోడ మీద పటం వేలాడుతోంది. మిషన్ ఉన్న చోటల్లా ఒక చుక్క గుర్తు. తెలుగు తీరాన ఒకే ఒక్క చుక్క, నెల్లూరు. ఎవరో దాన్ని 'ఒంటరి నక్షత్రం' అన్నారు. ఆ మాట అక్కడున్న శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్‌కు పట్టుకుంది. అమెరికన్లు ఇప్పటికీ పాడుకునే దేశభక్తి గీతాన్ని రాసింది ఆయనే. ఆ రాత్రి కూర్చుని ఒంటరి నక్షత్రం మీద కవిత రాశాడు. మర్నాడు దాన్ని చదివి వినిపిస్తే విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నెల్లూరు మిషన్ బతికింది. లెక్కల పుస్తకం మూసెయ్యమంటే, కవిత ఉంచమంది!

నాగజెముడు దిబ్బ

ఆ సభ జరిగిన మరుసటి ఏడాది, 1854 జనవరి 1. అప్పటికి నెల్లూరులో ఉన్నది లైమన్ జువెట్ దంపతులు. ఊళ్లు తిరుగుతూ ఒంగోలు వచ్చారు. కొత్త సంవత్సరం పొద్దున్నే చీకటి విడకముందు ఊరి పక్క కొండెక్కారు. వెంట ముగ్గురు తెలుగు క్రైస్తవులున్నారు. వారిలో జూలియా అనే యువతి ఒకరు. కొండ మీద ఐదుగురూ మోకరించి ఒంగోలుకు ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. లేచాక జువెట్ కింద నాగజెముడు కమ్మేసిన ఒక దిబ్బను జూలియాకు చూపించి, మన మిషన్ బంగళా అక్కడ ఉంటే బాగుంటుంది కదా అన్నాడట.

తెల్లారింది. ఐదుగురూ కొండ దిగారు. ఏమీ జరగలేదు. ఏడాది గడిచింది. ఐదేళ్లు గడిచాయి. పదేళ్లు గడిచాయి.

విశ్వాసుల జీవిత కథలు చెప్పేవాళ్లు ఈ మధ్య కాలాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. నిజానికి అనుమానం పుట్టేది, పెరిగేది ఇక్కడే. ఈలోగా జువెట్ ఆరోగ్యం పాడై 1862లో అమెరికా వెళ్లాడు. అక్కడ మళ్లీ మూసివేత మాటే. మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి వెళ్తాను, ఆ తెలుగువాళ్ల మధ్యే బతికి అక్కడే చస్తాను అని ఆయన తెగేసి చెప్పాడు. అలాగైతే మిమ్మల్ని పాతిపెట్టడానికైనా తోడు ఒకరిని పంపాలి అన్నాడట మిషన్ కార్యదర్శి.

ఆ 'తోడు' జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, అయోవాలో పెరిగాడు. కుర్రతనంలో మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ సర్వేయరు. గొలుసు పట్టుకుని నేల కొలవడం ఆయనకు తెలిసిన పని. లాయరు కావాలన్నది కోరిక. దేవుడు, భక్తి అంటే అంతగా పట్టనివాడు చదువుకునే రోజుల్లో మారాడు. 1864 నవంబరు చివర్లో భార్య హారియెట్‌తో కలిసి బోస్టన్‌లో చిన్న ఓడెక్కాడు. నాలుగు నెలలకు పైగా సముద్రం మీద గడిపి 1865 ఏప్రిల్లో మద్రాసులో దిగాడు. 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరాడు. కొండ మీద ప్రార్థన జరిగి పన్నెండేళ్లు దాటింది. వాళ్ల కాపురం ఆ నాగజెముడు దిబ్బ మీదే.

ముందుగా వచ్చినవాడు పేరయ్య

అప్పటి మిషనరీల్లో చాలామంది నమ్మకం ఒకటే. ముందు అగ్రవర్ణాల వాళ్లను ఆకట్టుకోవాలి, పైనుంచి మతం మెల్లగా కిందికి దిగుతుంది అని. ఒంగోలు బ్రాహ్మణులు తమ పిల్లలకు ఇంగ్లిషు చదువు కావాలన్నారు. క్లౌ దంపతులు బడి పెట్టారు. పెద్దింటి పిల్లలు వచ్చారు. అంతా సవ్యంగా ఉంది.

ఈలోగా పడమటి వైపునుంచి ఒక మనిషి వచ్చాడు. పేరు యర్రగుంట్ల పేరయ్య. మాదిగ. తోళ్ల వ్యాపారి. చదువు రాదు. కానీ దేవుడి కోసం వెతుకులాట ఆయనకు కొత్త కాదు. క్రీస్తు పేరు వినకముందే గురువుల దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు గురించి విన్నాడు. తన కులం వాళ్లకు తానే చెప్పడం మొదలుపెట్టాడు. ఒంగోలులో దొర ఉన్నాడని తెలిసి బాప్తిస్మం అడిగి తీసుకున్నాడు. మా వైపు రండి, మీకోసం జనం ఎదురుచూస్తున్నారు అని పిలిచాడు.

1867 జనవరిలో క్లౌ పేరయ్య ఊరు వెళ్లాడు. చింతతోపులో డేరా వేశాడు. చుట్టుపక్కల ఊళ్ల మాదిగలు మూటలు, దుప్పట్లు, వండుకోవడానికి గింజలు తెచ్చుకుని మరీ అక్కడే దిగారు. కొన్ని రోజుల పాటు విన్నారు, అడిగారు. ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు.

కబురు ఒంగోలు చేరింది. బడికి పిల్లల్ని పంపుతున్న పెద్దల నుంచి మాట వచ్చింది: ఆ కులం వాళ్లను చేర్చుకుంటే మా పిల్లలు రారు, మేమూ రాము.

క్లౌకు నిజంగానే భయం వేసింది. ఇది దయ్యాలకు, తుపాన్లకు భయపడటం లాంటిది కాదు. లెక్క తెలిసిన మనిషి భయం. పెద్దవాళ్లు దూరమైతే బడి పోతుంది, ఊళ్లో మర్యాద పోతుంది, ఇన్నేళ్ల పథకం పోతుంది. పేదవాళ్లను కాదంటే వాళ్లు ఎక్కడికి పోతారు? వాళ్లు ఎక్కడికీ పోలేరు గనక 'కొన్నాళ్లు ఆగండి' అనడం సులువు. ఎవరికీ చెడు చేసినట్టు కూడా ఉండదు. పిలుపును తప్పించుకోవడానికి మనుషులు ఎంచుకునే అతి మర్యాదైన దారి ఇదే.

ఆయన తన గదిలోకి వెళ్లాడు. అక్కడ ఇంగ్లిషు సిపాయిలకు పంచడానికి తెప్పించిన కొత్త నిబంధన ప్రతులు పేర్చి ఉన్నాయి. ఒకటి తీసి తెరిచాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం తగిలింది. జ్ఞానులూ ఘనులూ గొప్ప వంశాల వాళ్లూ పిలుపు అందుకున్నవారిలో ఎక్కువమంది లేరని, లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే చోటు అది. కాసేపటికి హారియెట్ వచ్చింది. ఆమె ఇంటిలో మరోచోట, మరో బైబిల్ తెరిచి, అదే భాగం దగ్గర ఆగిపోయి వచ్చింది.

కాకతాళీయం అనేవాళ్లు అనొచ్చు. క్లౌ దంపతులు అలా అనుకోలేదు. ఆ మాటకొస్తే పుస్తకం ఏ పేజీ దగ్గర తెరుచుకుందన్నది పెద్ద విషయం కాదు, మర్నాటి నుంచి వాళ్లు ఏం చేశారన్నదే విషయం. మాదిగలను చేర్చుకున్నారు. పెద్దింటి పిల్లలు బడి మానేశారు.

ఆ నిర్ణయానికి క్లౌ చెల్లించిన ధర ఒక బడి. చేరినవాళ్లు చెల్లించింది అంతకంటే ఎక్కువ. చచ్చిన పశువు మాంసం తినమన్నారు, జాతరల్లో డప్పు కొట్టమన్నారు, ఆదివారం పని మానేస్తామన్నారు. ఊరి పెద్దలకు ఇది మతం మార్పులా కాదు, తిరుగుబాటులా కనిపించింది. కొన్ని ఊళ్లలో నీళ్లకు అడ్డం వచ్చారు, దారులు మూశారు, కొట్టారు. పేరయ్యకు గానీ ఆయన వెంట నడిచినవాళ్లకు గానీ సముద్రం అవతల మిషన్ ఆఫీసు లేదు, తిరుగు ఓడ లేదు. భయాన్ని జయించినవాళ్లెవరని అడిగితే ముందు చెప్పాల్సింది వీళ్ల పేర్లే. చరిత్ర పుస్తకాల్లో దొర పేరు ఉన్నంత పెద్ద అక్షరాల్లో వీళ్లవి ఉండవు.

కరువు కాలంలో తలుపు వేశాడు

1876లో వానలు ముఖం చాటేశాయి. ధాత సంవత్సరం కావడంతో పెద్దవాళ్లు దాన్ని 'ధాత కరువు' అన్నారు. రెండేళ్ల పాటు మద్రాసు రాష్ట్రమంతా ఆకలితో అల్లాడింది. సర్కారు కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని చేపట్టింది. పాత సర్వేయరు ఇప్పుడు పనికొచ్చాడు. క్లౌ మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తీసుకున్నాడు. కూలీల కోసం గుడిసెలు వేయించాడు. వేలమంది వచ్చారు. ఎముకల గూళ్లలా వచ్చినవాళ్లు గంపా పారా పట్టారు. కలరా వచ్చింది. పనివాళ్లను చూసుకునే మేస్త్రీలుగా తన బోధకులనే పెట్టాడు. మధ్యాహ్నం నీడన కూర్చున్నప్పుడు జనం వాళ్లను దేవుడి గురించి అడిగేవారు.

చాలామంది తమకు బాప్తిస్మం కావాలన్నారు. క్లౌ ఒప్పుకోలేదు. అన్నం కోసం చేరారన్న మాట వాళ్ల మీద పడకూడదు, తనకూ ఆ అనుమానం లేకపోలేదు. పదిహేను నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. మతప్రచారకుడు, అందులోనూ సంఖ్యలు చూపించమని అడిగే మిషన్ మనిషి, వచ్చినవాళ్లను వచ్చినట్టు వెనక్కి పంపడం చిన్న సంగతి కాదు.

1878 జూన్. వానలు పడ్డాయి. కరువు పనుల డబ్బు అయిపోయింది. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గరికి జనాన్ని రమ్మని, ఇక ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇళ్లకు వెళ్లండి అన్నాడు. జనం కదల్లేదు. మాకు డబ్బు వద్దు, చేతులు బొబ్బలెక్కేలా పనిచేసుకు బతికాం, ఇకముందూ అలాగే బతుకుతాం, మమ్మల్ని మాత్రం చేర్చుకోండి అన్నారు.

క్లౌ మళ్లీ అదే చోటికి వచ్చాడు. ఈసారి భయం తారుమారైంది. అప్పుడు 'చేర్చుకుంటే ఏమవుతుందో' అన్నది ఊరి పెద్దల గురించి. ఇప్పుడు తన మనస్సాక్షి గురించే. కాదనడానికి చేతిలో ఒక్క కారణం ఉండేది, అన్నం. ఆ కారణం అయిపోయింది. అయినా వచ్చినవాళ్లు ఉన్నారు. కొన్ని రోజులు ఒక్కొక్కరినీ ప్రశ్నించారు. పల్లెల బోధకులు తమకు తెలిసినవాళ్లను తెచ్చి, వీళ్ల నడత మాకు తెలుసని చెప్పారు. తెలియనివాళ్లను ఆగమన్నారు.

జులై 2న 614 మంది. జులై 3న 2,222 మంది. 4న 700 మంది. నడుము లోతు నీళ్లలో ఇద్దరేసి బోధకులు నిలబడేవారు, అలసిపోతే మరో ఇద్దరు దిగేవారు. మొత్తం ఆరుగురు. ఉదయం మొదలుపెట్టి, ఎండ ఎక్కాక ఆపి, మళ్లీ మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా సాగింది. 3వ తేదీన క్లౌ స్వయంగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. నీళ్లలో నిలబడినవాళ్లంతా తెలుగు బోధకులే. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిదిన్నర వేలు దాటింది. ఒంటరి నక్షత్రం అనిపించుకున్న మిషన్‌లో, ఒంగోలు సంఘం అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద బాప్టిస్టు సంఘంగా పేరు పొందింది.

అనుమానాలు అంతటితో తీరిపోయాయనుకుంటే పొరపాటు. ఇంతమందిని ఒకేసారి ఎలా చేర్చుకున్నావని అమెరికాలో అడిగినవాళ్లున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కరువు అంచున నిలబడిన మనిషి మనసులో అన్నం ఎక్కడ ఆగుతుందో, దేవుడు ఎక్కడ మొదలవుతాడో గీత గీసి చెప్పగల సర్వేయరు లేడు. పదిహేను నెలలు తలుపు వేసి ఉంచడం తప్ప క్లౌ చేయగలిగింది కూడా లేదు.

1893లో హారియెట్ చనిపోయింది. తర్వాత క్లౌ పెళ్లాడిన ఎమ్మా రౌషెన్‌బుష్ పేరయ్య తరం పెద్దల కథల్ని శ్రద్ధగా విని పుస్తకంగా రాసింది. 1899లో వచ్చిన ఆ పుస్తకం పేరులో చర్చి లేదు, దొర లేడు, చెప్పులు కుట్టడం ఉంది. క్లౌ 1910లో అమెరికాలో కన్నుమూశాడు.

గుండ్లకమ్మ ఒడ్డు నుంచి జనం ఇళ్లకు వెళ్లాక అసలు పని మొదలైంది. ఎన్నో పల్లెల్లో ఒక్కరికీ చదవడం రాదు. మాకు పంతులు కావాలి, మా పిల్లలకు అక్షరాలు నేర్పాలి అని ఊరూరి నుంచీ మనుషులు ఒంగోలు బంగళాకు నడిచొచ్చేవారు. కూడబలుక్కుని చదవగలిగిన కుర్రవాళ్లనూ, వాళ్ల భార్యలనూ ఆ పల్లెలకు పంపారు. వాళ్లు వేపచెట్ల కింద ఇసక పరిచి, మాదిగవాడలో మొదటిసారి 'అ ఆ'లు దిద్దించారు.