ముప్పై అయిదా, పైంతీసా? ఖరగ్‌పూర్ తెలుగు పిల్లల లెక్కల చిక్కు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల వారసులు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో నేటికీ పెద్దసంఖ్యలో ఉన్నారు. ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి రైల్వే పేటల్లో పెరిగే తెలుగు పిల్లలకు ఒకే సంఖ్య మూడు పేర్లతో వినిపిస్తుంది. ఇంట్లో ముప్పై అయిదు, వీధిలో బెంగాలీ పొయ్‌త్రిశ్, హిందీలో పైంతీస్. పేర్లు మూడయితే ఫరవాలేదు. చిక్కల్లా వరుసలోనే ఉంది. తెలుగులో ఇరవై దాటాక పదులు ముందు, ఒకట్లు తరువాత, పలికినట్లే రాయవచ్చు. హిందీ, బెంగాలీలలో అయిదు ముందు వినిపించి ముప్పై వెనుక వస్తుంది. చెవిన పడిన వరుసలో రాస్తే 35 కాస్తా 53 అవుతుంది. జర్మన్ పిల్లలు కూడా ఇదే కారణంగా అంకెలను తారుమారు చేస్తారని పరిశోధకులు గుర్తించారు.

స్థాన విలువ అర్థం కాని పిల్లవానికి తీసివేత ఒక తంతుగా మిగిలిపోతుంది. 52 నుంచి 38 తీసివేయమంటే, రెండులో ఎనిమిది పోదు గనుక ఎనిమిదిలోంచే రెండు తీసి, 26 అని రాస్తాడు. పక్క స్థానం నుంచి "అప్పు" తెచ్చుకొమ్మని బోర్డుపై ఎన్నిసార్లు చెప్పినా, ఆ అప్పు పది అని అతనికి తోచదు.

ఇందుకు కావలసిన సామగ్రి చీపురుపుల్లలు, రబ్బరు బ్యాండ్లు, ఒక పాచిక. పాచిక వేసి వచ్చినన్ని పుల్లలు తీసుకోవాలి. పది కాగానే కట్ట కట్టాలి; పది కట్టలయితే ఒక పెద్ద మోపు. తరువాత ఆట తిరగబడుతుంది. అయిదు కట్టలు, రెండు పుల్లలు చేతికిచ్చి ఎనిమిది పుల్లలు అడిగితే, కట్ట విప్పక తప్పదు. అప్పు అంటే ఏమిటో వేళ్లకే తెలుస్తుంది. ఆ తరువాతే పలకమీద పదులు, ఒకట్లు అని రెండు గడులు గీయాలి. నోట్లు, నాణేలతో తొలిపాఠం చెప్పడం అంత మంచిది కాదు. పది రూపాయల నోటును విప్పితే పది రూపాయలు రాలవు కదా!

మూడో తరగతి ముగిసేలోగా పిల్లలందరికీ ప్రాథమిక గణితం రావాలని 2021 జులైలో ప్రారంభమైన నిపుణ్ భారత్ లక్ష్యం, గడువు 2026-27. ఆటవస్తువులతో కూడిన "జాదూయీ పిటారా" పెట్టెను కేంద్రం 2023 ఫిబ్రవరిలో విడుదల చేసింది. పెట్టె బడికి చేరినంత మాత్రాన సరిపోదు. పగులుతాయనే భయంతో బీరువాలో దాచిన బొమ్మలకన్నా విరిగినా నష్టంలేని పుల్లలే మేలు. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదాను ఆమోదించింది గనుక, ఇంటి సంఖ్యావాచకాలతో పాఠం మొదలుపెట్టడానికి ఉపాధ్యాయులు సంకోచించనక్కరలేదు.

సున్నా పాఠానికి ఊళ్లోనే ఉదాహరణ ఉంది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్ల పైచిలుకు. 2013లో గోరఖ్‌పూర్ అధిగమించేవరకు ప్రపంచంలో అదే పొడవైనది. సున్నాను వదిలేస్తే అది 172 మీటర్లకు కుదించుకుపోతుంది. అయితే రైలు నంబర్లతో మాత్రం జాగ్రత్త అవసరం. 12703 ఫలక్‌నుమా, 18045 ఈస్ట్ కోస్ట్ అన్నవి పేర్లే గాని పరిమాణాలు కావు. ఏది పెద్ద రైలని పిల్లలు అడగవచ్చు.