వేపపుల్ల పళ్లను తెల్లగా ఎలా చేస్తుంది?

అనంతపురం జిల్లా గార్లదిన్నె వైపు వానలు మొహం చాటేసి చేలు ఎండినా, గట్టు మీది వేపచెట్టు పచ్చగానే ఉంటుంది. లేత పుల్ల విరిచి చివర నమలండి. చేదుకు మొహం ముడుచుకుంటారు, నిజమే! కాసేపటికి నారలు విడిపోయి కుంచెలా తయారవుతుంది. ఆ నారలు పాచిని, టీ, వక్కాకు మరకలను తుడిచేస్తాయి. చేదు పదార్థాలేమో నోట్లోని సూక్ష్మజీవుల జోరు తగ్గిస్తాయి. కొందరు కానుగ, ఉత్తరేణి పుల్లలూ వాడతారు.

పుల్ల కొత్త తెలుపేమీ తేదు, మురికి పోయి పంటి అసలు రంగు బయటపడుతుంది. ఇంకా తెల్లబడాలని బొగ్గుపొడి, నిమ్మరసం రుద్దకండి. బొగ్గు పంటి పైనున్న ఎనామిల్ పొరను గీస్తుంది, నిమ్మ పులుపు కరిగిస్తుంది. ఆ పొర మళ్లీ పెరగదు. పలచబడితే కిందున్న పసుపు పొర తొంగిచూస్తుంది.

మరి ఎంత తోమినా పోని గోధుమ మచ్చలు? అనంతపురం జిల్లాలో చాలాచోట్ల బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులో, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎనామిల్‌లోనే మచ్చ పడుతుంది. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ ఫ్లోరోసిస్‌ను తొలిసారి గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఈ మచ్చల దగ్గర వేపపుల్ల చేతులెత్తేస్తుంది. పళ్ల డాక్టరుకు చూపించాలి, ఇంట్లో చిన్నపిల్లలుంటే తాగే నీళ్లు మార్చాలి.